దర్జీకి అక్క ఎక్కడిది?

మార్చి 3, సోమవారం

కొత్త వీడియో ఆట వచ్చింది. జపాన్ వాళ్లది. కత్తులు, మంత్రాలు, రాజ్యం పోగొట్టుకున్న రాకుమారుడు, మామూలే. నలభై వేల లైన్లు తెలుగులోకి తేవాలి. ముగ్గురికి పంచారు. యుద్ధాలు ఒకరికి, రాజసభలు ఒకరికి, ఊళ్లూ అంగళ్లూ నాకు. నేను అడిగి మరీ తీసుకున్నాను. యుద్ధాల్లో అందరూ "చావు!" అనే అంటారు. అంగళ్లలో అయితే మనుషులు మాట్లాడతారు.

పట్టిక ఎప్పటిలాగే. మొదటి నిలువు వరసలో జపనీసు, రెండో వరసలో ఇంగ్లీషు వాళ్లు ముందే చేసుకున్న అనువాదం, మూడోది నాది, నాలుగోది ఎడిటర్ మేడమ్ కోసం నేను రాసే గమనికలు. ఫైళ్లు ముక్కలు ముక్కలుగా వస్తాయి కాబట్టి ఆఖరి ముక్క అందేదాకా కథ చివర ఏముందో మాకూ తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని ఇల్లు ఊడ్చినట్టుంటుంది.

అక్క ఫోన్ చేసింది. ఇరవై రెండున వస్తుందట, వాళ్ల ఆఫీసు శిక్షణ ఏదో ఇక్కడ పెట్టారట. నాలుగు రోజులు మా ఇంట్లోనే. రూమ్మేట్‌కి చెప్పాలి.

మార్చి 4

చెప్పలేదు. పాపం, అతని కళ్లజోళ్ల షాపులో రద్దీగా ఉందట.

మార్చి 5, బుధవారం

ఇవాళ నాకు దర్జీ తగిలాడు. రెండో ఊళ్లో, కవచాల కింద తొడుక్కునే చొక్కాలు కుట్టేవాడు. బీరువా అంత మనిషి, బుగ్గలకి రంగు, రెపరెపలాడే కనురెప్పలు. వాడు తెర మీదికి రాగానే సంగీతం మారి బూర ఊదుతుంది. రాకుమారుడు మూడడుగులు వెనక్కి వేస్తాడు, నుదుటి మీద ఇంత చెమట చుక్క. జపనీసులో వాడు ఆడవాళ్ల పలుకుబడితో మాట్లాడతాడు. ఈ మనిషిని నేను పాతికేళ్లుగా ఎరుగుదును. ప్రతి ఆటలోనూ ఉంటాడు, వేషం మారుతుందంతే. ఒకసారి సత్రం నడుపుతాడు, ఒకసారి వేడినీళ్ల బుగ్గ దగ్గర తువాళ్లిస్తాడు.

మేడమ్ వచ్చి భుజం మీంచి తొంగి చూసి, "వీణ్ణి బాగా నవ్వించేలా రాయి. నీకైతేనే కుదురుతుంది" అని వెళ్లింది.

రాశాను. "అబ్బబ్బ, ఏం ఛాతీ బంగారం! టేపు చాలట్లేదు, చేతులతో కొలిచెయ్యనా?" ఇలాంటివి గంటలో అరవై లైన్లు. చెయ్యి ఆగలేదు.

మార్చి 7, శుక్రవారం

శుక్రవారం అంటే ఆఫీసంతా పెద్ద తెర ముందు కూర్చుని ఆ వారం చేసినదాన్ని ఆడి చూసే రోజు. కొలతల సీను వచ్చింది. దీనికింకా గొంతులు పెట్టలేదు కాబట్టి దర్జీ మాటలు నేనే లేచి చదివాను. చెయ్యి అలా తిప్పుతూ, సాగదీస్తూ. అందరూ పొట్ట పట్టుకున్నారు. ఆటలో పురుగులు, అంటే తప్పులు, ఏరే కుర్రది, మేమంతా పురుగుల డాక్టరు అంటాం, కుర్చీలోంచి జారిపోయింది. "అన్నా, మీరు ఆ గొంతు ఎక్కడ నేర్చుకున్నారు!" అంది.

స్కూల్లో. మగపిల్లలు వెనక నుంచి నన్నలా వెక్కిరిస్తుంటే వాళ్లకంటే ముందు నేనే వెక్కిరించుకునేవాణ్ణి. ఈ మాట ఆమెతో అనలేదు. "పుట్టుకతో వచ్చిన కళ" అన్నాను.

మంచి వారం మొత్తానికి.

మార్చి 9, ఆదివారం

రూమ్మేట్ ఆదివారాలు మధ్యాహ్నం దాకా లేవడు. ఇవాళ పెందలాడే లేచి కిటికీ దగ్గర కూర్చుని కళ్లజోడు మరలు బిగిస్తున్నాడు. షాపు పని ఇంటికి తేవొద్దంటే వినడు. కొలతల సీను చదివి వినిపించాను, అభినయంతో సహా.

"బాగుంది" అన్నాడు తలెత్తకుండా.

"నవ్వలేదేం? ఆఫీసులో అందరూ నవ్వారు."

"అందరూ అంటే నువ్వు కూడానా?"

నాకు చిరాకేసింది. ఇది నేను రాసిన కథ కాదు, జపాన్ వాడు రాసింది. ఈ ఆటల్లో మనలాంటివాళ్లు ఎప్పుడూ రెండు రకాలే, నన్నేం చెయ్యమంటావ్ అన్నాను. ఒకడు దర్జీ. రెండోవాడు అందంగా, మౌనంగా ఉంటాడు. సాటి వీరుణ్ణి "మిత్రమా" అంటాడు, ఇద్దరికీ ఒకటే డేరా, ఆట మొదలైన నలభయ్యో గంటలో ఒకడు రెండోవాడికి తగలాల్సిన బాణానికి అడ్డం పడి పోతాడు. వాళ్లిద్దరి మధ్యా ఏమైనా ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. పదమూడేళ్లప్పుడు అలాంటి డేరా సీను ఒకటి నేను పదకొండుసార్లు చూశాను. తలుపు గడియ పెట్టుకుని మరీ. అందులో వాళ్లు చేసేదల్లా చలి మంట వేసుకోవడమే. అయినా లోకంలో నాకు తోడు ఎవరో ఉన్నారనిపించింది. మర్నాడు వెళ్లి వాణ్ణి బాణం దెబ్బకి చంపించాను. ఆట ముందుకు సాగాలంటే తప్పదు.

ఇదంతా ఆవేశంగా చెప్పాను. అతను మర బిగించడం పూర్తి చేసి, "మీ అక్క ఎప్పుడొస్తోంది?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"క్యాలెండర్లో ఇరవై రెండు దగ్గర చుక్క పెట్టి నాలుగు రోజుల కిందట మాట్లాడటం మానేశావ్."

మార్చి 10

సెట్టింగ్ గురించి మాట్లాడుకున్నాం. సెట్టింగ్ అంటే, మా వాళ్లెవరైనా వస్తే చేసే ఏర్పాటు. పేరు అతను పెట్టిందే. అల్మారా వెనకనుంచి మడత మంచం తీసి రెండో గదిలో వేస్తాం. దుప్పటి నలిపి, దిండు మీద తల గుంట పడేలా గుద్దుతాం. ఒక పుస్తకం బోర్లా పెడతాం. మా గదిలోంచి అతని చొక్కాలు ఆ గదిలోకి వెళతాయి, మా ఇద్దరి ఫొటో సొరుగులోకి వెళుతుంది. పావుగంట పని. ఏడేళ్లలో తొమ్మిదిసార్లు చేశాం, చెయ్యి తిరిగిపోయింది.

"ఈసారి నువ్వొక్కడివే చేసుకో" అన్నాడు.

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

మార్చి 11

అంతా బానే ఉంది.

మార్చి 12

బానే ఉంది. గుడ్లు అయిపోయాయి.

మార్చి 15, శనివారం

రూమ్మేట్ బ్యాగు సర్దుకుని షాపు పైనున్న గదికి వెళ్లాడు. రెండు వీధుల అవతలే కదా, పెద్ద విషయమేమీ కాదు. పైగా ఆ గదికి సున్నం వేయించాలని ఎప్పట్నుంచో అంటున్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "మీ అక్క వెళ్లాక తిరిగొస్తానో రానో నాకే తెలియట్లేదు. ఈ ఇంట్లో నేను ఉన్నట్టా లేనట్టా అన్నది నువ్వు తేల్చుకో" అన్నాడు.

తలూపాను.

మార్చి 17, సోమవారం

ఆఖరి ముక్క వచ్చింది. నా కొంప ముంచింది.

యుద్ధం అయిపోయాక, ఏ పనీ లేకపోయినా రాకుమారుడు తిరిగి దర్జీ కొట్టుకి వెళితేనే వచ్చే సీను. వందమందిలో తొంభై మంది దీన్ని చూడరు. బూర లేదు. దర్జీ ఎవరూ అడగని చొక్కా ఒకటి కుడుతుంటాడు. ఎవరి కొలత అని అడిగితే, "ఈ కొట్లో నాతో పదకొండేళ్లు కాపురమున్నవాడిది. పాత యుద్ధానికి పట్టుకెళ్లారు. కొలతలు రాసుకోలేదు, చేతులకి గుర్తున్నాయి" అంటాడు. ఇన్నాళ్లూ మమ్మల్ని నవ్వించావేమిటి అంటాడు రాకుమారుడు. "నవ్వేవాళ్లు ఇంకో ప్రశ్న అడగరు బాబూ" అంటాడు దర్జీ.

ఆ చొక్కా తీసుకుని ఎక్కడో రేవుకి వెళితే ఆ మనిషి బతికే ఉంటాడు. కుంటుకుంటూ వస్తాడు. తొడుక్కుని, "చేతులు పొట్టి అయ్యాయి" అంటాడు. "పదేళ్లు పోయి వచ్చి వంకలు పెడతావా" అని దర్జీ ఏడుస్తాడు. అంతే. ఎవరూ చావలేదు, ఎవరూ నవ్వలేదు. పాతికేళ్లలో మొదటిసారి మూడో రకం వాడు కనిపించాడు. ఆ సరికే నేను వాడి చేత మూడొందల పన్నెండు లైన్లు వెకిలిగా వాగించి ఉన్నాను. ఇప్పుడు వాడు ఏడ్చినా జనం నవ్వుతారు.

ఇంగ్లీషు వరసలో ఏముందో చూశాను. ఆ వచ్చినవాడు దర్జీకి తమ్ముడట!

మార్చి 18, మంగళవారం

మేడమ్‌ని అడిగాను.

"ఇంగ్లీషులో తమ్ముడుంటే మనకీ తమ్ముడే. లేనిపోని తలనొప్పి ఎందుకు?" అంది.

"జపనీసులో కాపురం అని ఉంది మేడమ్. అన్నదమ్ములు కాపురం చేస్తారా?"

"గమనికల్లో రాసి పెట్టు, చూస్తాను. శుక్రవారానికి మాత్రం ఫైలు కావాలి."

సీటుకొచ్చి ఇంగ్లీషు వాళ్లని కడుపారా తిట్టుకున్నాను. ఇంత స్పష్టంగా ఉన్న మనిషిని తమ్ముణ్ణి చేస్తారా, సిగ్గుండాలి అని. ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. రూమ్మేట్, రూమ్మేట్, రూమ్మేట్. దీనికి తాళం ఉంది. చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరికి భయపడి రాశాను?

మార్చి 19

దర్జీని మొదట్నుంచీ తిరగరాస్తున్నాను. గొంతు తీసేయలేదు, ఆ గొంతు వాడిది. కానీ ఇప్పుడు దాంతో ఎదుటివాళ్లని ఆడిస్తాడు. కొలతల సీనులో, "భుజాలు వదులు చెయ్యి బాబూ. కొలుస్తున్నాను, కొరుక్కుతినట్లేదు" అంటాడు. ఇదే ఎక్కువ నవ్వొస్తోంది, విచిత్రం.

అతనికి వినిపించాలనిపించింది. వెళ్లలేదు.

మార్చి 20, గురువారం

రెండొందల తొంభై అయ్యాయి. గమనికల వరసలో మేడమ్‌కి తమ్ముడి గురించి పెద్ద ఉపన్యాసమే రాశాను. సగంలో చెయ్యి అదుపు తప్పింది. ఏమేమో రాశాను. పొద్దున్నే తుడిచేయాలి.

మార్చి 21, శుక్రవారం

తుడవలేదు. లేచేసరికి ఆలస్యమైంది, బస్సు దాటిపోయింది. నేను వెళ్లేసరికి పురుగుల డాక్టరు ఫైలు తీసుకెళ్లి ఆటలోకి ఎక్కించేసింది. ఎక్కించేటప్పుడు మూడో వరస తీసుకోవాలి. నిన్న నేను దర్జీ పాత లైన్లూ కొత్తవీ పక్కపక్కన చూసుకోవడానికి మధ్యలో గళ్లు చొప్పించి, తర్వాత తీసేయబోయి పక్కవీ కలిపి తీసేసినట్టున్నాను. దర్జీ ఆఖరి సీనులో వాడి మాటలుండాల్సిన మూడో వరసలో ఉన్నది గమనికలు.

అందరం పెద్ద తెర ముందు కూర్చున్నాం. దర్జీ సూది పక్కన పెట్టాడు. రాకుమారుడు, "ఈ చొక్కా ఎవరిది?" అన్నాడు. దర్జీ ఇలా అన్నాడు:

"ఇతను నాలాంటివాడు మేడమ్. నేనూ ఒకతనితో ఏడేళ్లుగా కాపురం చేస్తున్నాను. మా అక్క వస్తే అతనికి మడత మంచం వేసి రూమ్మేట్ అంటాను. అతను ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. దయచేసి ఇతన్నైనా తమ్ముణ్ణి చేయకండి."

పదకొండు మంది. అందరూ చదివారు. పురుగుల డాక్టరు పెన్ను పట్టుకుని, అమాయకంగా, "అన్నా, దర్జీకి అక్క ఎక్కడిది?" అంది. అని, నా మొహం చూసి, పెన్ను కింద పెట్టేసింది.

మేడమ్ కళ్లజోడు సవరించుకుని తెర వంక చూసింది.

"లైను పొడుగైంది. డబ్బాలో పట్టట్లేదు. రెండు వాక్యాలకి మించకూడదని ఎన్నిసార్లు చెప్పాను?" అంది. తర్వాత అందరి వైపూ తిరిగి, "ఇది గమనిక. గమనిక నాకు అందింది. తమ్ముడు వద్దు, జపనీసులో ఉన్నదే పెట్టండి. తర్వాత సీను" అంది.

తర్వాత సీనులో గుర్రాలు. గుర్రాలు తెర మీద గాల్లో తేలుతుంటే ఎవరూ నవ్వలేదు గానీ పురుగుల డాక్టరు లేచెళ్లి నాకో కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అది సగం తాగాను, సగం ఒలకబోశాను.

పదకొండు మందికి చెప్పేశాను, నోరు విప్పకుండానే. ఇంక అక్క ఒక్కతి ఎంత!

మార్చి 22, శనివారం

"మీ ఫ్రెండేడీ?" అంది అక్క, ఇంట్లోకి అడుగు పెట్టగానే.

"ఊరెళ్లాడు" అన్నాను. అదీ నా ధైర్యం.

"ఊరెళ్లడమేంటి? ఇందాక బస్సులోంచి చూశాను, షాపులో ఉన్నాడుగా. పద, నాకు నెల నుంచి తలనొప్పి, కళ్లు చూపించుకోవాలి."

రెండు వీధులు నడిచి షాపుకి వెళ్లాం. అతను మమ్మల్ని చూసి, "రండి" అని మర్యాదగా అక్కని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ బరువైన పరీక్ష కళ్లజోడు తగిలించి, ఒక కంటికి నల్ల మూత వేసి, రెండో కంటికి గాజు బిళ్లలు మారుస్తున్నాడు. "ఇది బాగుందా, ఇందాకటిదా?" నా వైపు చూడలేదు. వారం రోజుల్లో మనిషి చిక్కిపోయాడు. గడ్డం గీసుకోలేదు. ఆ చిన్న గాజు బిళ్లని అంచులు పట్టుకుని ఎంత జాగ్రత్తగా మారుస్తున్నాడో చూస్తుంటే, ఈ మనిషి లేకపోతే నేను బతకలేనని తెలిసింది. తెలియడమేమిటి, ఎప్పుడూ తెలుసు.

"అక్కా, ఈయన నా రూమ్మేట్ కాదు."

"ఊఁ?"

"మేమిద్దరం కలిసి బతుకుతున్నాం. ఏడేళ్ల నుంచి. పెళ్లయినవాళ్లు ఎలా ఉంటారో అలా. నువ్వొస్తే దాచమన్నానని అలిగి వచ్చేశాడు. తప్పు నాది."

అతను చేతిలో గాజు బిళ్లతో అలాగే నిలబడిపోయాడు. అక్క మూత లేని ఆ ఒక్క కన్నుతో గోడ మీది అక్షరాలనే చూస్తోంది.

"ఏడేళ్లా?" అంది.

"ఏడేళ్లు."

"మరి నేను వచ్చినప్పుడల్లా ఈయన ఆ మడత మంచం మీద...?"

"నువ్వు వచ్చినప్పుడే వేసేవాళ్లం."

"ఆ మంచం మీద నేనోసారి మధ్యాహ్నం నడుం వాల్చాను. మూడ్రోజులు లేవలేకపోయాను." అక్క గొంతు పెరిగింది. "నా వంక పెట్టి ఏడేళ్లు మనిషిని దాని మీద పడుకోబెట్టావురా? నన్నంత దుర్మార్గురాలిని అనుకున్నావా?"

అక్క ఏడుస్తోంది. ఆ చట్రం అడ్డం వచ్చి తుడుచుకోవడం కుదరట్లేదు. అతను దాన్ని మెల్లగా తీసి, రుమాలు ఇచ్చి, "తడి కళ్లతో కొలత సరిగా రాదండి. రేపు రండి" అన్నాడు.

"రేపెందుకు? ఆరేదాకా కూర్చుంటాను" అంది అక్క.

కూర్చుంది. ముగ్గురం కూర్చున్నాం. ఇద్దరు కొనేవాళ్లు వచ్చి మమ్మల్ని చూసి వెళ్లిపోయారు.

మార్చి 23, ఆదివారం

పొద్దున్నే తలుపు కొట్టాడు. తాళంచెవి ఉండి కూడా! అక్క కొత్త కళ్లజోడు రాత్రికి రాత్రే తయారు చేసి తెచ్చాడు. రెండో చేతిలో బ్యాగు. అక్క కళ్లజోడు పెట్టుకుని అతన్ని కింద నుంచి మీది దాకా చూసి, "కాఫీ తాగుతారా?" అంది.

అంతా సర్దుకుపోయిందని రాసుకోను, ఈ డైరీలో అబద్ధాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అక్క రాత్రి అన్నం సరిగా తినలేదు. అమ్మకి అప్పుడే చెప్పొద్దంది. అతనితో ఏం మాట్లాడాలో తెలియక షాపులో దుమ్ము గురించి అరగంట మాట్లాడింది. అతను అరగంటా వినిపించుకున్నాడు.

ఇంతలో బావ ఫోన్. అక్క వరండాలోకి వెళ్లి మాట్లాడుతోంది, కిటికీ తెరిచే ఉంది.

"నిన్ననే చేరానండీ... ఊఁ, ముగ్గురం ఉన్నాం. నేను, తమ్ముడు, ఇంకా..." ఆగింది. నేనూ అతనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇంకా, వాళ్లాయన."

అవతల బావ ఏదో అడిగినట్టున్నాడు.

"అవును. ఆయనే, కళ్లజోళ్ల షాపాయన... కాదండీ, మీకు సరిగ్గానే వినపడింది... ఊఁ... ఊఁ... ఇప్పుడా? సరే, అడుగుతానుండండి." అక్క ఫోన్ గుండెకి ఆనించుకుని కిటికీలోంచి తల పెట్టింది. "ఏమండీ, మీ బావగారి కళ్లజోడు కాడ విరిగి రెణ్ణెల్లయిందట. దారం కట్టుకుని తిరుగుతున్నారు. బాగు చేస్తారా అంటున్నారు."

అది అతన్ని అడిగింది, నన్ను కాదు. మీ బావగారు అంది.

"తెమ్మనండి" అన్నాడు అతను.

నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని బాగా ఏడ్చాను. కాసేపటికి అతను వచ్చి, నన్ను ఓదార్చకుండా బ్యాగు విప్పి చొక్కాలు ఒక్కొక్కటే అల్మారాలో తగిలించాడు. అన్నీ అయ్యాక, "మీ బావది లోహం కాడా, ప్లాస్టిక్‌దా కనుక్కో, తెప్పించి ఉంచాలి" అన్నాడు.